2,300 మందిని తీసేస్తే కంపెనీ పరువు పోయింది.. 18,000 మందిని పంపినప్పుడు మాత్రం ఉత్పత్తి ఆగలేదు! లేఆఫ్స్‌లో నోకియా చూసిన తేడా ఇదే

లేఆఫ్స్.. ఈ మాట వినపడితే చాలు, మాదాపూర్ నుంచి మారతహళ్లి దాకా ఐటీ ఉద్యోగుల గుండెల్లో రైళ్లు పరుగెడుతున్నాయి. క్యాలెండర్‌లో హెచ్‌ఆర్ పేరుతో సడెన్‌గా ఓ మీటింగ్ ఇన్వైట్ కనిపిస్తే చాలు.. ఇంట్లో ఈఎంఐల లెక్క మొదలవుతోంది.

2025 జూలై చివర్లో టీసీఎస్ చేసిన ప్రకటన ఈ భయాన్ని ఇంకా పెంచింది. ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని, అందులో ఎక్కువ మంది మిడిల్, సీనియర్ లెవెల్ వాళ్లేనని కంపెనీ చెప్పింది. ఎందుకంత షాక్? టీసీఎస్ ఉద్యోగం అంటే సర్కారీ నౌకరీ లాంటిదని రెండు తరాలు నమ్మాయి కాబట్టి. పిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా ఆ పేరుకు ఓ లెక్క ఉండేది.

ఇలాంటి వార్త రాగానే అందరూ అడిగేది ఒకటే.. ఎంతమంది? టీవీల్లో స్క్రోలింగ్ అయ్యేదీ ఆ నంబరే. ఎలా పంపారు అన్నది ఎవరికీ పెద్దగా పట్టదు. పంపాక కంపెనీ నిజంగా బాగుపడిందా అన్నది ఇంకా తక్కువమంది అడుగుతారు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ లింక్ ఉంది. ఆ లింక్ చూడాలంటే ఒకప్పుడు మనందరి జేబుల్లో ఉన్న ఓ ఫోన్ కంపెనీ దగ్గరికి వెళ్లాలి.

బోహుమ్‌లో ఏం జరిగింది?

2008 జనవరి. నోకియా అప్పుడు ప్రపంచంలోనే నంబర్ వన్ మొబైల్ కంపెనీ. నష్టాల మాటే లేదు. అలాంటి టైమ్‌లో జర్మనీలోని బోహుమ్ అనే ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ 2,300 మంది పనిచేస్తున్నారు. కారణం సింపుల్.. జర్మనీలో జీతాలు ఎక్కువ, రొమేనియాలో తక్కువ. ఫ్యాక్టరీని రొమేనియాలోని క్లూజ్‌కు తరలిస్తామంది.

లెక్కల్లో చూస్తే తప్పు పట్టడానికి లేదు. కానీ బోహుమ్ జనం లెక్కలు చూడలేదు. వేలమంది వీధుల్లోకి వచ్చారు. కార్మికులే కాదు, ఊరు ఊరంతా కదిలింది. జర్మనీ రాజకీయ నాయకులు కొందరు తమ నోకియా ఫోన్లు వదిలేస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. ఫ్యాక్టరీకి ఇచ్చిన సబ్సిడీ తిరిగి కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టింది. లాభాల్లో ఉండి కూడా ఇలా చేస్తారా అన్న కోపం దేశమంతా పాకింది.

ఆ ఒక్క మూసివేతకు నోకియాకు దాదాపు 20 కోట్ల యూరోలు ఖర్చయింది. అంటే తీసేసిన ఒక్కో ఉద్యోగి మీద 80 వేల యూరోలకు పైనే! బాయ్‌కాట్ వల్ల పోయిన అమ్మకాలు ఇందులో లేవు. 2008 నుంచి 2010 మధ్య జర్మనీలో దాదాపు 70 కోట్ల యూరోల అమ్మకాలు పోయి ఉంటాయని ఆ కంపెనీ మేనేజర్లే తర్వాత అంచనా వేసుకున్నారు. హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 2018లో శాండ్రా సుచర్, షలీన్ గుప్తా రాసిన వ్యాసంలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి.

ఇంకో విచిత్రం ఏంటంటే.. జీతాలు తక్కువని వెళ్లిన ఆ క్లూజ్ ఫ్యాక్టరీనీ నోకియా 2011లో మూసేసింది.

మూడేళ్ల తర్వాత.. అదే కంపెనీ, ఎనిమిది రెట్ల కోత

2011కి సీన్ మొత్తం రివర్స్. ఐఫోన్, ఆండ్రాయిడ్ దెబ్బకు నోకియా కూలిపోతోంది. ఈసారి సరదాకు కాదు, బతకడానికి కోత పెట్టాలి. రెండేళ్లలో 13 దేశాల్లో 18 వేల ఉద్యోగాల మీద దెబ్బ పడబోతోంది. బోహుమ్ లాంటి గొడవ 13 చోట్ల ఒకేసారి జరిగితే కంపెనీ పరిస్థితి ఏంటి? మేనేజ్‌మెంట్‌ను భయపెట్టింది ఇదే. దయ కంటే ముందు భయమే పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

అలా పుట్టిందే 'బ్రిడ్జ్' ప్రోగ్రామ్. ఇందులో ఉద్యోగి ముందు ఐదు దారులు పెట్టారు. కంపెనీలోనే ఇంకో పోస్టు వెతుక్కోవడం ఒకటి. బయట ఉద్యోగం చూసుకోవడం రెండోది.. దీనికి రెజ్యూమె దగ్గర నుంచి కెరీర్ కోచింగ్ దాకా కంపెనీయే సాయం చేస్తుంది. సొంతంగా బిజినెస్ పెట్టుకుంటానంటే ఐడియా చూసి గ్రాంట్ ఇస్తుంది. కొత్త కోర్సు నేర్చుకుంటానంటే ఫీజుకు డబ్బులిస్తుంది. ఇవేవీ కాదు, సామాజిక సేవ లాంటిదేదో చేయాలనుందంటే దానికీ ఓ దారి పెట్టారు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. మీ సైట్‌లో కోతలు ఉండబోతున్నాయని చాలా ముందే చెప్పేశారు. కార్పొరేట్ ప్రపంచంలో ఇది దాదాపు నిషిద్ధం. ముందే చెబితే పని మానేస్తారు, డేటా ఎత్తుకెళ్తారు, మంచివాళ్లు ముందే జంప్ అవుతారు.. హెచ్‌ఆర్ వాళ్ల వాదన ఎక్కడైనా ఇదే. అందుకే పొద్దున లాగిన్ అవ్వబోతే పాస్‌వర్డ్ పనిచేయదు, అప్పుడు తెలుస్తుంది ఉద్యోగం పోయిందని.

నోకియాలో జరిగింది దీనికి ఉల్టా. ఉద్యోగం పోయిన రోజుకే ఆ 18 వేల మందిలో 60 శాతం మందికి తర్వాత ఏం చేయాలో తెలుసు. ఈ ప్రోగ్రామ్‌లోంచి దాదాపు వెయ్యి కొత్త బిజినెస్‌లు పుట్టాయి. ఇక కంపెనీకి ఒరిగిందేంటి? కోత పడబోతోందని తెలిసిన సైట్లలో కూడా పని పడిపోలేదు. కొత్త ప్రొడక్టుల అమ్మకాల్లో ఆ సైట్ల వాటా ముందెంత ఉందో కోతల టైమ్‌లోనూ అంతే ఉంది. రెండు నెలల్లో ఉద్యోగం పోతుందని తెలిసినవాడు మనసు పెట్టి పనిచేశాడంటే మామూలు విషయం కాదు!

దీనికి ఎంత ఖర్చయింది? 5 కోట్ల యూరోలు. మనిషికి 3 వేల యూరోల లోపే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బోహుమ్‌లో 80 వేలు, బ్రిడ్జ్‌లో 3 వేలు అని పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ఎందుకంటే సెవరెన్స్ డబ్బులు ఈ 3 వేలలో లేవు. మొత్తం రీస్ట్రక్చరింగ్‌కు నోకియా పెట్టింది 135 కోట్ల యూరోలు. అందులో బ్రిడ్జ్ వాటా 4 శాతం కంటే తక్కువ. అంటే నోకియా ఎలాగూ బోలెడంత ఖర్చు పెట్టింది. గొడవ కాకుండా, పని ఆగకుండా చూసింది మాత్రం ఆ మొత్తంలోని చిన్న ముక్కే. 'మానవత్వం చూపిస్తే మా బ్యాలెన్స్ షీట్ ఏం కావాలి' అనే కంపెనీలు చూడాల్సిన లెక్క ఇది.

మరి నోకియా ఎందుకు మునిగింది?

సరిగ్గా ఇక్కడే అడగాల్సిన ప్రశ్న. ఇంత బాగా చేసినా నోకియా ఫోన్ బిజినెస్ నిలబడలేదు కదా? నిజమే. 2014 ఏప్రిల్‌లో అది మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయింది. విండోస్ ఫోన్ మీద పెట్టిన పందెం ఓడిపోయింది. ఆ తప్పును ఏ బ్రిడ్జ్ కూడా సరిచేయలేదు. ఉద్యోగులను గౌరవంగా పంపితే స్ట్రాటజీ బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. పడిపోతున్న టైమ్‌లో చేతిలో ఉన్న పని చెడిపోకుండా మాత్రం అది కాపాడుతుంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బ్రిడ్జ్ నడిచినప్పుడు నోకియా సీఈఓ స్టీఫెన్ ఎలాప్. అదే ఎలాప్ మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాక 2014 జూలైలో ఉద్యోగులకు ఓ మెమో పంపారు. 'హలో దేర్' అంటూ పలకరింపుతో మొదలైంది. ఫోన్ల ప్లాన్లు, మార్కెట్ విషయాలు పేరాలకు పేరాలు నడిచాయి. చాలా కిందికి వెళ్లాక గానీ అసలు సంగతి రాలేదు.. దాదాపు 12,500 మంది ఉద్యోగాలు పోతున్నాయని! ఆ మెమో ఇంటర్నెట్‌లో నవ్వులపాలైంది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ బిజినెస్ మీద 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుని, మరో 7,800 ఉద్యోగాలకు కోత పెట్టింది.

మన పక్కనే ఇంకో కథ ఉంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ. కొన్ని వేలమందికి అన్నం పెట్టింది. చాలామంది ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు, వాళ్లకదే మొదటి జీతం. పన్నుల వివాదంలో చిక్కుకుని ఆ ఫ్యాక్టరీ మైక్రోసాఫ్ట్ డీల్‌లో చేరలేదు. వేలమందిని వీఆర్‌ఎస్ ఇచ్చి పంపేశారు. 2014 నవంబర్ 1 నుంచి ఉత్పత్తి ఆగిపోయింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే 'వాలంటరీ రిటైర్‌మెంట్' అనే మాట వినాల్సి వచ్చింది వాళ్లలో చాలామందికి. అంటే బాధ్యత అనేది కంపెనీ బోర్డు మీద రాసి ఉండేది కాదు.. ఏ దేశంలో, ఏ టైమ్‌లో, ఎవరి ఒత్తిడి ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది.

పోయినవాళ్ల సంగతి సరే.. మిగిలినవాళ్లు?

లేఆఫ్స్ వల్ల కంపెనీ జీతాల బిల్లు తగ్గుతుంది. ఇది ఎక్సెల్ షీట్‌లో వెంటనే కనిపిస్తుంది. కనిపించనిది ఏంటంటే, పక్క సీటు ఖాళీ అయ్యాక ఇక్కడ కూర్చున్నవాడి మైండ్‌లో ఏం నడుస్తోందో.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధకులు చార్లీ ట్రెవర్, ఆంథోనీ నైబర్గ్ 2008లో ఓ స్టడీ ప్రచురించారు. ఉద్యోగుల్లో 1 శాతం మందిని తీసేసిన కంపెనీల్లో, ఆ తర్వాత తమంతట తాము మానేసేవాళ్ల సంఖ్య 31 శాతం పెరుగుతోందని తేల్చారు. గమనించండి.. కంపెనీ 1 శాతమే తీసింది. మానేసేవాళ్లు ఎవరు? బయట ఆఫర్ దొరికేవాళ్లు. అంటే పనిమంతులే. కంపెనీ తీయాలనుకున్నది ఒకరిని, పోగొట్టుకున్నది ఇంకొకరిని.

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో కోణం చూశారు. లేఆఫ్స్ తర్వాత మిగిలినవాళ్లలో జాబ్ సంతృప్తి 41 శాతం, పనిలో పెర్ఫార్మెన్స్ 20 శాతం పడిపోయాయన్నది వాళ్ల లెక్క. పది మందిలో ఇద్దరిని తీసి, మిగిలిన ఎనిమిది మంది పనిలో ఐదో వంతు పోగొట్టుకుంటే కంపెనీకి మిగిలేదేంటో వేరే చెప్పక్కర్లేదు. జీతం మిగిలింది, పని మాత్రం మిగల్లేదు.

దీనికి క్లాసిక్ ఉదాహరణ సర్క్యూట్ సిటీ. అమెరికాలో టీవీలు, ఎలక్ట్రానిక్స్ అమ్మే పెద్ద చైన్. మన దగ్గర పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌ల లాంటిదే అనుకోండి. 2007 మార్చిలో ఒక్కసారిగా 3,400 మంది సేల్స్ ఉద్యోగులను తీసేసింది. వాళ్లు చేసిన తప్పేంటి? జీతం ఎక్కువ రావడం! అంటే సీనియర్లు, కస్టమర్‌కు ఏ టీవీ ఏంటో చెప్పగలిగినవాళ్లు. కావాలంటే పది వారాల తర్వాత తక్కువ జీతానికి మళ్లీ అప్లై చేసుకోండని కూడా చెప్పింది. షోరూమ్‌లో తెలిసినవాడు లేకపోతే కస్టమర్ ఏం చేస్తాడు? పక్క షాపుకు వెళ్తాడు. 2008 నవంబర్‌లో సర్క్యూట్ సిటీ దివాలా పిటిషన్ వేసింది, 2009లో షాపులన్నీ మూతపడ్డాయి. ఆర్థిక మాంద్యం దెబ్బ కూడా ఉంది, కాదనలేం. కానీ అదే మాంద్యంలో దాని పోటీ కంపెనీ బెస్ట్ బై మాత్రం బతికి బయటపడింది.

మెటా షేరు పెరిగింది కదా అంటే..

ఈ వాదనకు వెంటనే వచ్చే కౌంటర్ ఇదే. 2022 నవంబర్‌లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 11 వేల మందిని, 2023 మార్చిలో మరో 10 వేల మందిని తీసేస్తామంది. ఆ ఏడాదికి జుకర్‌బర్గ్ పెట్టుకున్న పేరే 'ఇయర్ ఆఫ్ ఎఫిషియెన్సీ'. 2023లో మెటా షేరు దాదాపు మూడింతలైంది. మరి లేఆఫ్స్ పనిచేసినట్టే కదా?

కొంతవరకు అవును. కరోనా టైమ్‌లో అవసరానికి మించి రిక్రూట్ చేసుకున్న కంపెనీ, ఆ కొవ్వు తగ్గించుకుంది. అదే ఏడాది యాడ్స్ మార్కెట్ కూడా కోలుకుంది. కోత వల్ల ఎంత, యాడ్స్ వల్ల ఎంత అని విడదీయడం కష్టం. అయితే మెటా పంపిన తీరు కూడా చూడాలి. తొలి విడతలో అమెరికా ఉద్యోగులకు 16 వారాల బేసిక్ పే, పనిచేసిన ప్రతి ఏడాదికీ మరో 2 వారాల జీతం, కుటుంబానికి 6 నెలల హెల్త్ కవరేజ్ ఇచ్చింది. ఇమిగ్రేషన్ సాయం కూడా పెట్టింది. ఎక్కువ మందిని తీసుకోవడం తన తప్పేనని జుకర్‌బర్గ్ ఒప్పుకున్నారు.

అదే నెలలో ట్విట్టర్‌లో జరిగింది గుర్తుందా? ఎలాన్ మస్క్ కొన్న వారం రోజులకే సగం మంది ఊస్టింగ్. ఆ తర్వాత పొరపాటున తీసేశామంటూ కొందరిని వెనక్కి రమ్మన్నట్టు వార్తలొచ్చాయి. ఎవరు ఏం పని చేస్తున్నారో తెలియకుండా కత్తెర పెడితే జరిగేది ఇదే.

అసలు తీయకుండా గట్టెక్కినవాళ్లు

కోత ఒక్కటే దారా అంటే, కాదని చూపించినవాళ్లున్నారు. జపాన్ గేమింగ్ కంపెనీ నింటెండో 'వీ యూ' అనే గేమ్ కన్సోల్ ఫ్లాప్ అయి కష్టాల్లో పడింది. ప్రెసిడెంట్ సటోరు ఇవాటా ఉద్యోగులను తీయనన్నారు. ఎప్పుడు పోతుందో తెలియని ఉద్యోగంలో ఉన్నవాళ్లు ప్రపంచాన్ని మెప్పించే గేమ్స్ తయారు చేయలేరన్నది ఆయన వాదన. 2014లో తన జీతం సగానికి కోసుకున్నారు. 2015లో ఆయన చనిపోయారు. 2017లో అదే కంపెనీ తెచ్చిన 'స్విచ్' 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

అమెరికాలో హనీవెల్ కంపెనీ 2008-09 మాంద్యంలో భారీ లేఆఫ్స్‌కు బదులు అందరికీ కొన్ని వారాలు జీతం లేని సెలవు ఇచ్చింది. ఉద్యోగులు తిట్టుకున్నారు కూడా. కానీ మార్కెట్ తిరిగి లేచేసరికి పనిచేసే చేతులు కంపెనీలోనే ఉన్నాయి.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో హైదరాబాద్ ఉలిక్కిపడింది. ఏళ్ల తరబడి లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకున్న లేఖ అది. క్లయింట్లు వెళ్లిపోయారు, ప్రాజెక్టులు ఆగాయి, వేలమంది బెంచ్ మీద. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకుంది.

అంతమందిని ఏం చేయాలి? ఒక్క దెబ్బతో తీసేయలేదు. 'వర్చువల్ పూల్' అనే పద్ధతి తెచ్చారు. ఆఫీసుకు రానక్కర్లేదు. బేసిక్ జీతం, పీఎఫ్, మెడికల్ ఇన్సూరెన్స్ మాత్రం ఆరు నెలల దాకా కొనసాగుతాయి. ప్రాజెక్టు వస్తే పిలుస్తారు, ఈలోగా బయట ఉద్యోగం దొరికితే వెళ్లొచ్చు. పూల్‌లో పడినవాళ్లకు ఇది నరకమే.. ఉద్యోగం ఉన్నట్టా లేనట్టా తెలియదు, సగం జీతంతో హోమ్ లోన్ కట్టాలి. అయినా ఇంట్లో పెద్దవాళ్లకు హెల్త్ ఇన్సూరెన్స్ నడవడం, రెజ్యూమెలో గ్యాప్ పడకపోవడం చిన్న విషయాలేం కాదు. కంపెనీ మాత్రం కోలుకుంది. 2013లో టెక్ మహీంద్రాలో పూర్తిగా కలిసిపోయింది.

సరిగ్గా నాలుగేళ్లకు, 2017 జూలైలో, అదే టెక్ మహీంద్రా హెచ్‌ఆర్ ఆడియో ఒకటి లీకైంది. రేపు పొద్దున 10 గంటల్లోగా రిజైన్ చేయాలని ఓ ఉద్యోగికి చెబుతున్న కాల్ అది. దేశమంతా వైరల్. చివరికి ఆనంద్ మహీంద్రానే ట్విట్టర్‌లో సారీ చెప్పాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లు కట్టుకున్న పేరుకు ఒక్క ఫోన్ కాల్ చాలు.

అమెరికాలో మనోళ్లకు నోటీస్ పీరియడే ప్రాణం

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండే టైమ్ గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. పిల్లల స్కూలు, కారు లోన్, ఇంటి లోన్.. అన్నీ ఆ 60 రోజుల్లోనే తేలాలి.

ఇక్కడ చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. ఆ 60 రోజులు మామూలుగా మొదలయ్యేది జీతం అందే చివరి రోజు తర్వాత. అంటే కంపెనీ రేపటి నుంచే పేరోల్ ఆపేసి సెవరెన్స్ మొత్తం ఒకేసారి చేతిలో పెట్టడం వేరు.. పని చెప్పకపోయినా రెండు నెలలు పేరోల్‌లో ఉంచడం వేరు. ఖర్చులో పెద్ద తేడా లేకపోవచ్చు. తెనాలి నుంచో, కరీంనగర్ నుంచో వెళ్లిన ఇంజనీర్‌కు మాత్రం 60 రోజులకూ 120 రోజులకూ తేడా జీవితమంత. 2023 జనవరిలో 12 వేల మందిని తీసేసిన గూగుల్ అమెరికాలో కనీసం 60 రోజుల నోటీస్ పీరియడ్ జీతం ఇచ్చింది. ఆ కోతను తెల్లారే ఈమెయిల్‌లో చెప్పినందుకు తిట్లు తిన్నది కూడా ఇదే గూగుల్.

మన చట్టం ఏం చెబుతోంది?

ముందుగా ఒక కన్‌ఫ్యూజన్ తీరాలి. మనం రోజూ వాడే 'లేఆఫ్' అనే మాటకు భారత చట్టంలో అర్థం వేరు. పని లేక తాత్కాలికంగా ఆపడం లేఆఫ్. పూర్తిగా తీసేయడాన్ని 'రిట్రెంచ్‌మెంట్' అంటారు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాది సర్వీస్ ఉన్న కార్మికుడిని తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. చివర చేరినవాళ్లను ముందు తీయాలి. మళ్లీ రిక్రూట్ చేసేటప్పుడు తీసేసినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ పరిహారం లెక్క ఇంచుమించు ఇదే. కొత్తగా 'రీస్కిల్లింగ్ ఫండ్' వచ్చింది. తీసేసిన ఒక్కో కార్మికుడి కోసం యజమాని 15 రోజుల జీతం ఆ ఫండ్‌కు కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. నోకియా బ్రిడ్జ్‌తో పోల్చుకుంటే ఇది బస్ చార్జీలంత. అయినా ఏమీ లేనిదానికంటే మేలు.

మరోవైపు, ప్రభుత్వ పర్మిషన్ లేకుండా కోత పెట్టకూడదనే రూల్ గతంలో 100 మంది ఉన్న ఫ్యాక్టరీలకు వర్తించేది. ఇప్పుడు 300కి పెంచారు. అదీ ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే. ఐటీ ఆఫీసులకు కాదు.

అసలు చిక్కు 'వర్కర్' అనే నిర్వచనంలో ఉంది. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లు ఈ రక్షణలోకి రారు. నెలకు 18 వేలకు పైన జీతం తీసుకునే సూపర్‌వైజర్లు కూడా రారు. టీసీఎస్ చెప్పిన కోత ఎక్కువగా పడేది మిడిల్, సీనియర్ లెవెల్ మీదే అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. విజిటింగ్ కార్డ్ మీద 'మేనేజర్' అని ఉండటం అన్నాళ్లూ గొప్పగానే ఉంటుంది, ఆ రోజు వచ్చేదాకా.

ఇంకో పెద్ద గ్యాప్ ఉంది. రిజిగ్నేషన్ లెటర్ రాసి ఇస్తే చట్టం దృష్టిలో అది తొలగింపే కాదు. అందుకే కొన్ని చోట్ల 'మీరే రిజైన్ చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేదంటే టర్మినేట్ అని రాస్తాం' అనే బేరం నడుస్తుంది. తర్వాతి కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ భయంతో సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో పరిహారం అడిగే హక్కు చాలావరకు పోయినట్టే. బలవంతంగా రాయించారని నిరూపించే భారం ఉద్యోగి నెత్తిన పడుతుంది.

టీసీఎస్ లెక్కలు ఏం చెబుతున్నాయి?

2025 జూన్ చివరికి టీసీఎస్ ఉద్యోగులు 6,13,069 మంది. సెప్టెంబర్ చివరికి 5,93,314. మూడు నెలల్లో 19,755 మంది తగ్గారు. ఇందులో తమంతట తాము మానేసినవాళ్లు కూడా ఉన్నారని కంపెనీ అంటోంది. ఉద్యోగులను పంపే ఖర్చు కింద ఆ క్వార్టర్‌లో 1,135 కోట్ల రూపాయలు పక్కన పెట్టింది. అంటే ఖాళీ చేతులతో పంపలేదన్నది నిజం. బలవంతపు రిజిగ్నేషన్లు జరిగాయని ఉద్యోగ సంఘాలు ఆరోపించాయి, కంపెనీ ఆ సంఖ్యలను కొట్టిపారేసింది.

విస్కాన్సిన్ స్టడీ ప్రకారం అయితే మానేసేవాళ్ల రేటు ఎగబాకాలి. అలా జరగలేదు. 12 నెలల అట్రిషన్ రేటు 13.8 శాతం నుంచి 13.3 శాతానికి తగ్గింది. అయితే దీన్ని చూసి ఉద్యోగులు హ్యాపీ అనుకోవడం తొందరపాటే. బయట మార్కెట్ కూడా డల్‌గా ఉంది, వెళ్లడానికి చోటు లేదు. హైరింగ్ మళ్లీ పుంజుకున్నప్పుడు వచ్చే నాలుగైదు క్వార్టర్ల అట్రిషన్ నంబర్ చూస్తే గానీ ఈ కోత అసలు ఖరీదు తేలదు.

ఇందులో ఏపీ కోణం కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు ఇవ్వాలని ఏపీ ప్రభుత్వం నిర్ణయించింది. వస్తాయని చెప్పిన ఉద్యోగాలు 12 వేలు. మూడు నెలలకు అదే కంపెనీ ప్రకటించిన కోత కూడా 12 వేల పైచిలుకే కావడం యాదృచ్ఛికమే, రెంటికీ సంబంధం లేదు. కానీ భూములు, రాయితీలు ఇచ్చేటప్పుడు ఎంతమందిని తీసుకుంటారని మాత్రమే అడుగుతున్నారు. తీసేయాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు, ఇన్సూరెన్స్ ఎన్నాళ్లు కొనసాగిస్తారు, మాట తప్పితే రాయితీ వెనక్కి ఇస్తారా.. ఈ మూడు లైన్లు కూడా ఒప్పందంలో రాయించుకోవడానికి అడ్డేం లేదు. విశాఖ, హైదరాబాద్‌ల కోసం రెండు రాష్ట్రాలూ పోటీపడి కంపెనీలను పిలుస్తున్న టైమ్ ఇది. బోహుమ్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా అడగగలిగింది ఫ్యాక్టరీకి సబ్సిడీ ఇచ్చినప్పుడే ఉద్యోగాల షరతు పెట్టుకుంది కాబట్టే.